పదహారో రీలు

మా ఇంట్లో ఏడాది కారానికి మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు ఉన్న నిబంధన ఒక్కటే. ఎంతసేపైనా ఏడవవచ్చు, కళ్లు మాత్రం తుడుచుకోకూడదు. తేజా కాయ పట్టిన చేత్తో కన్ను తుడుచుకున్న మనిషి ఆ ఆదివారం ఇంకేమీ చూడలేదు. మేమేమో చూడటానికే కూర్చునేవాళ్లం.

మేము అంటే నలుగురం. నేను రాగసుధని, సత్తెనపల్లిలో తెలుగు పంతులమ్మని. పేరులో రాగం ఉంది, గొంతులో ఉన్నది గోల. జయకుమారి ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైంది. సూది అవసరం లేకుండా మాటతోనే పొడవగలదు. కరీమున్ జాకెట్లు కుడుతుంది. పాత సినిమాలో హీరోయిన్ ఏడుస్తుంటే మేము ఆవిడ కళ్లు చూస్తాం, కరీమున్ ఆవిడ చేతుల కుట్టు చూస్తుంది. మేం ముగ్గురం ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ. నాలుగో మనిషి మా వదిన జ్ఞానప్రసూనాంబ, మా ఆయనకి అక్క. అరవై రెండేళ్లు. నేను కాపురానికి వచ్చేసరికే పుట్టింట్లో ఉంది, హిందీ ట్యూషన్లు చెబుతూ. పిలవడానికి వదినే గానీ, నలభై ఏళ్లుగా ఈ ఇంటిని వదలని మనిషి.

ఎండాకాలం ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హాల్లో ఎర్రటి కుప్ప పోస్తాం. నాలుగిళ్ల కారానికీ అదే కుప్ప. చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటే, ఆ వారం వంతు వచ్చినామె ఒక పాత సినిమా పేర్ల దగ్గర్నించి చెప్పాలి, డైలాగులతో సహా. కుప్ప అయ్యాక టీవీలో అదే సినిమా పెట్టి, చెప్పినామె ఎన్ని కోతలు కోసిందో పట్టుకుంటాం. కుప్ప కంటే ముందు కథ అయిపోతే మిగిలిన కాయలన్నీ ఆవిడే తీయాలి. అందుకే జయకుమారి చెప్పే సినిమాల్లో ప్రతి హీరోయిన్‌కీ రెండుసార్లు టైఫాయిడ్ వస్తుంది.

మా అత్తగారి కాలంలో నా స్నేహితురాళ్లు వరండా దాకానే. ఆవిడ పోయాక హాలు దాకా వచ్చారు. వంటింటి దాకా రావడానికి ఇంకో రెండు రీళ్లు పట్టేట్టుంది.

అన్ని సినిమాలూ అందరం చెప్పేవాళ్లం. ఒక్క 'గౌరి గడప' మాత్రం వదిన ఎప్పుడూ చెప్పలేదు. వినేది.

అది మా చిన్నప్పటికే పాతబడ్డ బొమ్మ, తర్వాత టీవీల్లో కూడా ఎక్కడా దొరకలేదు. ఎనభై అయిదులో మా ఊరి హాలుకి మళ్లీ వచ్చి పంతొమ్మిది రోజులాడింది. గౌరిని అత్తింటివాళ్లు గడప దాటనివ్వరు. మూడు గంటలు పడాల్సినవన్నీ పడి, ఆఖర్న ఆవిడ గేటు తీసుకుని, మనకి వీపు చూపిస్తూ, చెరుకుతోట పక్క రోడ్డు మీద నడిచి వెళ్లిపోతుంది. వెంటనే శంఖచక్రాల మధ్య 'శుభం' పడుతుంది. అసలు ఆ కథలో దేవుడి ఊసే లేదు, శంఖచక్రాలు ఎందుకొచ్చాయో మాకు తెలియదు. సాక్షాత్తూ విష్ణుమూర్తే గౌరి పక్షాన సంతకం పెట్టాడనుకుని ఆడవాళ్ల బెంచీలన్నీ చప్పట్లు కొట్టాయి. నేనూ కొట్టాను.

ఆ పంతొమ్మిది రోజుల్లోనే ఒకరోజు, చీరాల అత్తింటి నుంచి నాలుగు రోజులకని పుట్టింటికి వచ్చిన వదినని పంతొమ్మిదేళ్ల తమ్ముడు ఆ ఆటకి తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున్న ఆవిడ నేను చీరాల వెళ్లనంది. వెళ్లలేదు. "సినిమా చెడగొట్టిందే దీన్ని" అని మా అత్తగారు పోయేదాకా అన్నారు. మా మామగారు కొడుకుతో ఏడాది మాట్లాడలేదట. ఆ కొడుకే మా ఆయన రాధాకృష్ణమూర్తి. పౌరోహిత్యం చేస్తాడు. చుట్టుపక్కల పాతిక ఊళ్లలో పెళ్లిళ్లు చేయించాడు గానీ, ఒక పెళ్లి తన చేతిమీదుగా చెడిందన్న ముల్లు మాత్రం తీయించుకోలేదు. మళ్లీ సినిమా హాలు గుమ్మం తొక్కలేదు.

మొన్నటి ఏప్రిల్ రెండో ఆదివారం చీరాల నుంచి ఫోను వచ్చింది. మా ఆయన వరండాలో మాట్లాడి, లోపలికి వచ్చి, కుప్పకి అవతల నిలబడ్డాడు.

"అక్కయ్యా, బావగారికి పక్షవాతం వచ్చిందట. నిన్ను రమ్మంటున్నాడట."

వదిన కాయ తొడిమ తుంచింది. "మాట పడిపోలేదన్నమాట."

"ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. చూసుకోవడానికి ఇంటి మనిషి కావాలంటున్నారు. నెలాఖరు ఆదివారం ఆయన తమ్ముడి కొడుకు ఆత్రేయ కారు తీసుకొస్తాడు. నేను సరేనన్నాను."

"నన్నడగకుండా సరేనన్నావా?"

"నేను చెడగొట్టింది నేనే బాగుచెయ్యాలి కదా, అక్కయ్యా. ఇన్నేళ్లకి ఆయనే చెయ్యి చాపాడు."

"ఏ చెయ్యండీ?" అన్నాను నేను. "కుడివైపా ఎడమవైపా పడిపోయింది?"

జయకుమారి నవ్వాపుకోలేక దగ్గింది. మా ఆయన నా వంక చూశాడు. "నీకన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదండీ. పక్షవాతంలో వాతం ఆయన ఉంచుకుని, పక్షం మీకు పంపినట్టున్నాడు."

ఆయన మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మాట పడినా తిరిగి అనని మనిషితో పోట్లాడటం కష్టం. సగం పోట్లాట మనమే ఒంటరిగా చేసుకోవాలి.

"వెళ్లనని చెప్పెయ్యండి అక్కగారూ, అయిపోతుంది" అంది కరీమున్.

వదిన ఇంకో కాయ అందుకుంది. ఇవాళ ఎవరి వంతని మాత్రం అడిగింది.

మర్నాడు వంటింట్లో నేనే కదిలించాను. "ఏం వదినా, వెళతావా?"

"అక్కడ తాళం ఇప్పుడు ఎటునుంచి వేస్తున్నారో కనుక్కో" అంది.

ఆ తాళం సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, ఎప్పుడో పచ్చడి రుబ్బుతూ. చీరాలలో ఆయన పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసుకి వెళుతూ వీధి తలుపుకి బయట నుంచి తాళం వేసేవాడు. సాయంత్రం ఆరింటికి తీసేవాడు. తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవాడు. రెండున్నరేళ్లు అంతే. కొట్టలేదు, తిట్టలేదు. తాళం వేశాడు.

"మరింకేం, వెళ్లవుగా" అన్నాను.

"రాధా ముఖం చూశావా, సుధా? ఆ పాత మాట వాడింకా మోస్తున్నాడని నాకు తెలియదు. నాన్నతోనే పోయిందనుకున్నాను." పొయ్యి కట్టేసింది. "నేను పోతే వాడి బరువు దిగుతుందేమో. ఎన్నాళ్లుంటాం గనక ఇంక, నేనైనా ఆయనైనా."

అప్పుడు భయం వేసింది నాకు. చీరాలాయన కోసం వెళ్లేదైతే ఆపవచ్చు. తమ్ముడి కోసం వెళ్లేదాన్ని ఎట్లా ఆపడం? మమకారం కంటే మిరపకారం నయం, నీళ్లు తాగితే తగ్గుతుంది.

ఆ వారం మధ్యలో కరీమున్ ఫోను చేసింది. "ఏమే, 'గౌరి గడప' యూట్యూబులో పెట్టారే ఎవరో. మొత్తం సినిమా. ఆదివారం మీ ఆయన చెవిలో పడేట్టు సౌండు పెంచి పెడదాం. గౌరి నడిచి పోయే రోడ్డు ఆయనకీ కనపడాలి."

ఇంతకంటే మంచి ఆయుధం లేదనుకున్నాం. సినిమా ముందుగా చూసుకోవాలన్న బుద్ధి ముగ్గురిలో ఒక్కదానికీ పుట్టలేదు. నలభై ఏళ్లుగా డైలాగులతో సహా చెప్పుకున్న సినిమా, దాన్ని మళ్లీ చూసేదేమిటి?

మూడో ఆదివారం కుప్ప పోసి, వరండా వైపు కిటికీ తలుపులు బార్లా తీసి, టీవీ పెట్టాను. మా ఆయన బయట పడక్కుర్చీలో పంచాంగం చూసుకుంటున్నాడు. గౌరి మొదటి పాటకే జయకుమారి కళ్ల నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి లేదు, పిట్టలా తల విదిలించుకుంది. ఇంటర్వెల్ అయింది. వదిన ఆ తర్వాత ఒక్క కాయ కూడా తీయలేదు. కళ్లార్పకుండా చూస్తోంది. ఆనాటి ఆట గుర్తొచ్చిందనుకున్నాను.

ఆఖరికి గౌరి గేటు తీసింది. నేను రిమోటు తీసుకుని సౌండు ఇంకా పెంచాను. చెరుకుతోట పక్క రోడ్డు మీద గౌరి నడిచింది. శంఖచక్రాల కోసం చూశాం.

రాలేదు. గౌరి ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఇదేంటే" అంది కరీమున్.

ఇంకో పది నిమిషాలుంది సినిమా. గౌరి అదే రోడ్డు మీద పరిగెత్తుకుంటూ తిరిగొచ్చింది. మంచాన పడ్డ మొగుడి కాళ్ల మీద పడింది. గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. "ఈ గడపే నా లోకం" అంది. మామూలు అక్షరాలతో మామూలు శుభం పడింది. సౌండు నేను పెంచిన చోటే ఉంది, వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. గొంతులో గెలిచిన మనిషి ఛాయ కూడా లేదు.

"చూశావా అక్కయ్యా. ఆవిడ కూడా తిరిగొచ్చింది."

వదిన లేచి, పెరట్లోకి వెళ్లి, సబ్బుతో చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిరిగొచ్చి, "ఇది నేను చూడలేదు, రాధా" అంది. అంతే అంది.

మర్నాడు జయకుమారి తన మొగుణ్ణి రెక్క పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చింది. యేసుపాదం గారు ఆ రోజుల్లో మా ఊరి హాల్లో ఆపరేటరు. హాలు మూతబడ్డాక చర్చిలో మైకులు చూసుకుంటున్నారు.

"చెప్పండి వీళ్లకి. ఇన్నేళ్లూ నా పక్కనే ఉండి నాకు కూడా చెప్పని సంగతి."

"నువ్వడిగితేగా" అన్నారాయన. మా ఆయన కేసి తిరిగి చేతులు కట్టుకున్నారు. "పంతులుగారూ, పక్కూరి హాలుకీ మాకూ అప్పుడు ఒకే ప్రింటండి. అక్కడ ఒక రీలు ఆడగానే సైకిలు మీద ఇక్కడికి పంపేవాళ్లు. మొదటి రోజు పదిహేను రీళ్లు సక్రమంగా వచ్చాయి. పదహారోది తెస్తూ సైకిలు మనిషి సాగర్ కాలవలో పడ్డాడు. మనిషిని లాగారు. డబ్బా కొట్టుకుపోయింది."

"మరి శుభం ఎక్కడిది?" అన్నాను.

"సినిమా సగంలో ఆపితే కుర్చీలు విరగ్గొడతారని, నా దగ్గర ఒక భక్తి సినిమా తోక ముక్క ఉంటే కత్తిరించి, పదిహేనో రీలు చివర అతికించానండి. చప్పట్లు కొట్టారు. ఇంక వేరే ప్రింటు ఎందుకులే అన్నాడు ఓనరు. పంతొమ్మిది రోజులూ అట్లాగే ఆడింది." కాస్త ఆగారు. "ఆ పదహారోది నేనూ చూడలేదండి. నేనూ ఆవిడ వెళ్లిపోయిందనే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ."

ఎండుమిరపకాయల ఊళ్లో పుట్టి ఎండ్ లేని సినిమా చూశామన్నమాట. ఇంకోరోజైతే ఆ మాట నలుగురికి చెప్పుకుని నవ్వేదాన్ని. మా ఆయన ముఖం చూసి నాలుక కరుచుకున్నాను.

"ఒక తడిసిన రీలు" అన్నాడాయన మెల్లగా. "దాని మూలాన మా అక్కయ్య కాపురం పోయింది. నేను తీసుకెళ్లి మరీ చూపించాను."

ఆ సాయంత్రం అటక మీది ట్రంకుపెట్టె దించి తుడిచాడు. వదిన చీరలు మడతపెట్టి ఇస్తుంటే సర్దాడు. ఆవిడ వద్దనలేదు. అదే నన్ను చంపింది. శుక్రవారం ట్యూషన్ పిల్లలకి, ఇకమీదట రావద్దని చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, సోమవారం అయిదో పాఠం అంది. నేను ఆ అయిదో పాఠాన్ని పట్టుకుని వేళ్లాడాను.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం ఆత్రేయ కారు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, కాలేజీలో లెక్చరరు, మెత్తటి మనిషి. మేమూ మా సన్నాహాల్లో ఉన్నాం. అతను పెట్టె కోసం వదిన గదిలోకి వెళ్లగానే, వీధి గుమ్మం నుంచి ఆ గది గడప దాకా హాలంతా పరిచి పోశాం కాయలు, నాలుగిళ్లవీ ఒకేసారి. మధ్యలో జయకుమారి, కరీమున్, నేను.

"కాస్త దారిస్తారా అత్తయ్యగారూ" అన్నాడు ఆత్రేయ, ట్రంకుపెట్టె పట్టుకుని.

"తొక్కుకుంటూ వెళ్లు నాయనా" అంది జయకుమారి. "మేం లేస్తే మళ్లీ కూర్చోలేం, మోకాళ్లు."

"తేజా ఇది. కాళ్లకి చెప్పులు కూడా లేవు నీకు" అంది కరీమున్, జాలిగా.

"అధికారం మీది, కారం మాది" అన్నాను నేను.

మా ఆయన కోపంగా చీపురు తెచ్చి కాయలు పక్కకి నెట్టడం మొదలుపెట్టాడు. ఎండుకాయల్ని చీపురుతో నెడితే ఏమవుతుందో సత్తెనపల్లిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వేదం చదివినవాడికి ఆ నిమిషంలో తెలియలేదు. ఘాటు లేచింది. ఆత్రేయ గది గడప మీద ఒక కాలు పెట్టి, పెట్టెతో సహా వంగిపోయి తుమ్మాడు.

ఒక్క తుమ్మే. మళ్లీ తుమ్మితే దోషం పోయేది. ఊపిరి బిగబట్టి చూశాం. రెండోది రాలేదు.

మా ఆయన చీపురు దించాడు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము తుమ్మితే ఆగి, కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లాలని పాతిక ఊళ్లకి చెప్పిన మనిషి. తనింట్లో కాదనలేడు.

"కాసేపు కూర్చో, ఆత్రేయా" అన్నాడు. "అక్కయ్యా, నువ్వూ."

వదిన వచ్చి కూర్చుంది. కుర్చీలో కాదు, కుప్ప పక్కన, తన చోటులో. ఒక కాయ తీసుకుని తొడిమ తుంచింది. ఇంకొకటి తీసుకుంది. నలుగురం తుంచుతూ కూర్చున్నాం. ఆత్రేయ నీళ్లు తాగాడు. గోడ గడియారం వంక చూశాడు.

"ఇంక బయల్దేరదామా, పెద్దమ్మా?"

"చీరాలలో ఒక ఆయా ఉంది, నాయనా. పేరు హెలెన్. జయకుమారితో పనిచేసినామె. పక్షవాతం వాళ్లని చూడటంలో మంచి చెయ్యి. ఫోను నంబరు రాసిస్తాను, రెండు పూటలా వస్తుంది. మీ పెదనాన్నకి నా కంటే ఆమె వల్లే ఉపయోగం." ఇంకో తొడిమ తుంచింది. "నేను రాను."

గొంతు పెంచలేదు. ట్యూషన్లో తప్పు దిద్దినట్టు చెప్పింది.

"అక్కయ్యా" అన్నాడు మా ఆయన. "ఆ సినిమా అబద్ధమని తెలిశాక కూడా..."

"ఏ సినిమా, రాధా? నేను చూసింది ఇంటర్వెల్ దాకా."

కరీమున్ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు మగవాళ్ల వైపు కూర్చున్నావు, నీకు తెలియదు" అంది వదిన. "ఇంటర్వెల్లో సోడా కోసం బయటికొచ్చాను. హాలు గేటు తీసి ఉంది. దాని పక్కన నిలబడి సోడా అంతా తాగాను. బెల్లు కొట్టారు. గేటు మనిషి, లోపలికి రండమ్మా, ఆట మొదలైంది అన్నాడు. నేను రాను అన్నాను. ఊరికే నోట్లోంచి వచ్చింది. అతను సరే అని తలుపేసుకుని వెళ్లిపోయాడు."

"తర్వాత?" అన్నాడు ఆత్రేయ. పెట్టె సంగతి మర్చిపోయాడు.

"తర్వాతేముంది. ఆ మాట అంటే సరే అంటారని అప్పటిదాకా తెలియదు నాకు. ఆట వదిలేదాకా ఆ రోడ్డు మీదే అటూ ఇటూ తిరుగుతూ ఆ మాటే అనుకున్నాను. ఆఖర్న గౌరి వెళ్లిపోయిందని బయటికొచ్చిన వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. మంచిపనే చేసింది అనుకున్నాను. అప్పటికి నేను వెళ్లిపోయి గంటన్నర అయింది."

పది నిమిషాల సినిమా కాలవలో పోయిందని మేం వారం రోజులు ఏడ్చాం. ఆవిడ సగం సినిమా సోడా తాగుతూ వదిలేసింది.

"చెప్పలేదేం?" అన్నాడు మా ఆయన.

"సినిమా చెడగొట్టిందని అమ్మ అంటుంటే, పోనీలే, తిట్లు గౌరి పడుతోంది గదా అనుకున్నాను. నువ్వు దాన్ని ఇన్నేళ్లూ మోస్తున్నావని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్నిరా. నువ్వు నన్ను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నేనే వెళ్లాను."

ఆత్రేయ లేచాడు. మంచి పిల్లవాడు, నంబరు రాసుకున్నాడు. వెళుతూ వదిన కాళ్లకి దండం పెట్టి, గడప మీద మళ్లీ తుమ్మాడు. ఈసారి వరసగా నాలుగు. వెళ్లేవాడు ఒక్కడే గనక ఎవరూ ఆపలేదు.

మా ఆయన ట్రంకుపెట్టె గదిలో పెట్టి వచ్చాడు. వచ్చి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, కుప్ప దగ్గర నేల మీద కూర్చున్నాడు. జయకుమారి కాస్త జరిగి చోటిచ్చింది. ఆయనకి తొడిమ తీయడం రాదు, కాయ సగానికి విరిచేస్తున్నాడు. నాలుగు కాయలు విరిచి, అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు.

"అయ్యో పంతులుగారూ" అంది కరీమున్. "మా రూలు మీకు చెప్పలేదా?"

"తెలుసమ్మా" అన్నాడాయన, రెండో కన్ను కూడా తుడుచుకుంటూ.

జయకుమారి లేచి, ఎవర్నీ అడక్కుండా వంటింట్లోకి వెళ్లి, గిన్నెతో మజ్జిగ తెచ్చి ఆయన కళ్లకి గుడ్డ తడిపి పెట్టింది. ఆయన తల వెనక్కి వాల్చి, గుడ్డ పెట్టించుకున్నాడు.

"ఇవాళ ఎవరి వంతే?" అన్నాను.

"నాది" అంది వదిన. కుప్పలోంచి రెండు దోసిళ్లు తన ముందుకి లాక్కుంది. "'గౌరి గడప' చెబుతాను. ఇంటర్వెల్ దాకా. మిగిలిన కాయలు ఒక్కదాన్నే తీస్తాలే."